సిమిలిగుడలో గడ్డకట్టిన మంచు, నిప్పుల మీద పొడపిఠా

కొరాపుట్ పీఠభూమి మీది చలి, మైదానంలోని తెలుగువారు చలికాలమని చెప్పుకునే చలి కాదు. సాలూరు దాటి, సుంకి ఘాటీ ఎక్కి, పొట్టంగి మీదుగా సిమిలిగుడ చేరేసరికి సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తుకు వచ్చేస్తాము. ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరమైన దేవ్‌మాలి, 1672 మీటర్ల కొండ, ఇక్కడికి దగ్గరలోనే ఉన్నది. పుష్యమాసంలో తెల్లవారి పొగమంచు మాకు అలవాటే. కాని పెరట్లోని చిక్కుడు పాదు మీద మంచు గడ్డకట్టి తెల్లగా పేరుకోవడం మాత్రం నేను మొన్ననే మొదటిసారి చూశాను.

ముందురోజు రాత్రి ఆకాశంలో చిన్న మబ్బు తునక కూడా లేదు, గాలి బొత్తిగా ఆడలేదు. అటువంటి రాత్రులలో నేల పగలంతా దాచుకున్న వేడిని పైకి వదిలేస్తుంది. ఆ వేడిని ఆపడానికి మబ్బు ఉండదు, పై గాలిని కింది గాలితో కలపడానికి వీచే గాలి ఉండదు. చల్లబడిన గాలి బరువెక్కి కొండవాలుల మీదుగా పల్లానికి జారి అక్కడే నిలిచిపోతుంది. వాతావరణ కేంద్రాలలో ఉష్ణమాపకాన్ని నేలకు సుమారు మీటరున్నర ఎత్తున ఉంచుతారు కనుక, అది నాలుగైదు డిగ్రీలు చూపిస్తున్న వేళ కూడా గడ్డి కొసల దగ్గర వేడి సున్నాకు దిగిపోవచ్చు. మా పెరడు వీధి కంటే పల్లంలో ఉండడం వల్లనే మంచు అక్కడ పట్టి, ఇంటి ముందున్న బంతి మొక్కలను ముట్టుకోలేదని నా నమ్మకం.

నేను దగ్గరకు వెళ్లి ఒక ఆకును పట్టుకుని చూశాను. అంచు పొడవునా, ఈనెల మీద, సూదిమొనలంత సన్నని పలుకులు నిలబడి ఉన్నాయి. వేలు తగలగానే అవి కరిగి, వాటి కింద ఆకు నీరు పట్టినట్లు ముదురుపచ్చగా, పారదర్శకంగా కనిపించింది. ఆకు లోపలి నీరు గడ్డకట్టి కణాల పొరలు దెబ్బతిన్న గుర్తు అది. ఎండ పొడిచిన తరువాత ఆ భాగం నల్లబడిపోతుంది. మా అత్తయ్య గారు వెనుక నుంచి వచ్చి, "ఎండ తగలకముందే నీళ్లు చల్లమ్మా, కొన్నైనా దక్కుతాయి" అన్నారు. బావి నీరు ఆ వేళకు గోరువెచ్చగానే ఉంటుంది కనుక పాదంతా తడిసేలా చల్లాను.

ఆ రోజు పనులు ముందే అనుకుని పెట్టుకున్నవి. మామయ్య గారి మందులు తేవాలి, బ్యాంకులో పాసుపుస్తకం అచ్చు వేయించాలి, మిల్లులో చోళ్లు ఆడించాలి, అన్నిటికంటే ముఖ్యంగా సాయంత్రం పొడపిఠాకు, అంటే నిప్పుల మీద కాల్చే ఒడియా తీపి రొట్టెకు, కావలసిన సరుకులు కొనాలి. మందులు, బ్యాంకు గంటలో తెమిలిపోయాయి. మిల్లులో మాత్రం వరుస పెద్దది. ఇక్కడివారి పుష్యమాసపు పండుగ పుష్ పరబ్ దగ్గర పడుతున్నందున ఊళ్ల నుంచి వచ్చిన స్త్రీలు బియ్యం బుట్టలతో కూర్చున్నారు. వాళ్లందరి మాటా ఆ మంచు గురించే.

మాకు పరిచయమున్న పరజా తెగ రైతు ఒకామె సంతలో టమాటాలు అమ్ముతుంది. ఆమె పొలం రెండు గుట్టల మధ్య పారే వాగు పల్లంలో ఉన్నది. అటువంటి మడులను ఇక్కడ జోలా భూములంటారు. ఏడాది పొడవునా తడి ఉండడం వల్ల అవి వరికి ఎంత మేలైనవో, చల్లగాలి దిగి నిలిచే చోటు కావడం వల్ల చలికాలపు కూరగాయలకు అంత గండమైనవి. ఆమె ఇక్కడి మాండలికమైన దేసియాలో చెప్పినదాన్ని బట్టి బంగాళదుంప ఆకు పూర్తిగా మాడిపోయింది, టమాటా మొక్కలలో గట్టు మీదివి నిలిచి, లోపలి వరుసలు వాలిపోయాయి. ఆ ఉదయమే దేవ్‌మాలి మీదికి మైదానం నుంచి బళ్లు కట్టుకుని వచ్చినవారు తెల్లబడిన గడ్డిని ఫోటోలు తీసుకుని, ఆనందంగా అందరికీ పంపించారు. వారి ఆనందాన్ని నేను తప్పుపట్టను, చూడవలసిన దృశ్యమే అది. అయితే ఆ తెల్లదనం ఎవరి మడిలో పడిందో కూడా తెలుసుకుని, తిరుగుదారిలో సంతలో ఆగి, బేరమాడకుండా నాలుగు కిలోల కూరగాయలు కొనుక్కుని వెళితే ఎంత బాగుంటుందో అనిపించింది.

సంతలో బెల్లం, కొబ్బరికాయలు, పచ్చి అల్లం, కొద్దిగా కాలాజీర అనే సువాసన బియ్యపు నూక కొన్నాను. కొరాపుట్ కాలాజీర బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గింజ విరిగినా దాని వాసన తగ్గదు, పిండివంటకు నూకే సరిపోతుంది. బెల్లం దుకాణదారు తెలుగువాడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేవరకు ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీ కిందనే ఉండేది కనుక, ఇక్కడి బజారులో సగం బేరం నేటికీ తెలుగులోనే సాగుతుంది.

పొడపిఠా మాకు నేర్పినది పక్కింటి మౌసీ (పిన్ని). ముందునాడు బియ్యం, మినపపప్పు నానబెట్టి రుబ్బి ఉంచాము గాని, ఆ చలికి పిండి కొంచెమైనా పొంగలేదు. మౌసీ గిన్నెను దుప్పటిలో చుట్టి పొయ్యి గట్టున పెట్టించింది. మధ్యాహ్నం దాటాక గాని పిండిలో పులుపు వాసన రాలేదు. అప్పుడు నూకను కడిగి మెత్తగా రుబ్బి అందులో కలిపి, బెల్లం కరిగించి వడపోసి, కొబ్బరి కోరు, దంచిన అల్లం, మిరియాలు, ఏలకులు వేశాము. అరటాకును మంట మీద వాడ్చకపోతే మడిచేటప్పుడు చిరిగిపోతుంది. ఇనుప మూకుట్లో ఆకులు రెండు పొరలుగా పరిచి, పిండి పోసి, పైన ఆకు కప్పి మూత పెట్టాము. పొయ్యిలో మంట ఆర్పి, కణకణలాడే నిప్పులను చదును చేసి మూకుడు దించి, మూత మీద మరికొన్ని నిప్పులు పోసి, వాటిని బూడిదతో కప్పాము. సాలూరులో మా అమ్మమ్మ గారు మినపరొట్టె మూత మీద నిప్పులు పోసి కాల్చేవారు. ఆ పద్ధతికీ దీనికీ ఉన్న తేడా అల్లా, రొట్టె గంటలో దిగుతుంది, పిఠాకు రాత్రంతా కావాలి. విద్యుత్తు ఓవెన్‌లో కాల్చినది నేను తిన్నాను. తీపి, మెత్తదనం సరిగానే ఉంటాయి గాని, నిప్పుల మీద నిదానంగా కాలిన ఆకు వాసన అందులో దొరకదు.

చీకటి పడకముందే ఎండుగడ్డి తెచ్చి చిక్కుడు పాదు మొదళ్ల చుట్టూ పరిచి, పాత చీరలను పందిరి మీద కప్పాము. మౌసీ మా పెరటి మూలన తడి ఆకులు పోగు చేసి పొగ పెట్టింది. పల్లపు మడులలోని రైతులు కూడా అటువంటి రాత్రులలో ఇదే చేస్తారు, సాయంత్రమే పొలానికి నీళ్లు పెట్టి నేలను తడిగా ఉంచుతారు. తడినేల పగటి వేడిని పొడినేల కంటే ఎక్కువగా నిలుపుకుంటుంది.

మరునాడు పొద్దున మూకుడు తీసినప్పుడు పిఠా అంచులు నల్లగా గట్టిపడి, లోపల బెల్లపు రంగులో మెత్తగా కుదిరింది. అందులో ఒక ముక్కను అరటాకులో చుట్టి సంతలోని రైతుకు ఇచ్చి వచ్చాను. ఆ రాత్రి మబ్బు పట్టడంతో మళ్లీ మంచు గడ్డకట్టలేదు. ఆమె గట్టు మీది టమాటా మొక్కలు బాగానే ఉన్నాయట, వాలిన వరుసలను పీకి అక్కడ ముల్లంగి వేస్తానని చెప్పింది. మా చిక్కుడు పాదులో కింది ఆకులు నల్లబడి రాలిపోయాయి గాని, పై కొసలలో పూత నిలిచింది.