క్రొమటోగ్రఫీ, లేజర్ కలిపి చదివాక నెట్ వచ్చింది

సీఎస్‌ఐఆర్ నెట్ (సైన్స్‌లో లెక్చరర్, రీసెర్చ్ అర్హత పరీక్ష) కెమికల్ సైన్సెస్ క్వాలిఫై అయ్యానబ్బా, మన కావలి నుంచే! జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్‌కి ఇచ్చే ఫెలోషిప్) రాలేదు, అసిస్టెంట్ ప్రొఫెసర్ వరకే. దానికి ఫోన్ చేసి మరీ జాలిపడేవాళ్లకు ఒక దండం.

పార్ట్ సి, అదే పేపర్లో కష్టమైన ప్రశ్నల భాగం, దాని గోల మీకు తెలిసిందే. ఆర్గానిక్ గురించి అందరూ చెప్తారు, నేను అందరూ వదిలేసే అనలిటికల్ (శాంపిల్‌లో ఏముందో, ఎంతుందో తేల్చే కెమిస్ట్రీ) గురించి చెప్తాను. పోయిన అటెంప్ట్ కొద్దిలో తప్పిపోయింది. అప్పుడు నెల్లూరులో రొయ్యల శాంపిల్స్‌లో యాంటీబయాటిక్స్ చూసే ల్యాబ్‌లో షిఫ్టు డ్యూటీ, ఇంటికొచ్చి పుస్తకం తెరిస్తే కళ్లు మూతలు పడేవి. హైదరాబాద్ కోచింగ్‌కి పోలేదని ఇప్పటికీ అంటారు, జీతం ఎవరిస్తారు?

ఆ తర్వాత ఒక మాక్ టెస్ట్‌లో ఈ ప్రశ్న తగిలింది: హెచ్‌పీఎల్‌సీ (ఒత్తిడితో ద్రవాన్ని పంపి పదార్థాలను విడదీసే క్రొమటోగ్రఫీ) కాలమ్ చివర 488 నానోమీటర్ల ఆర్గాన్ లేజర్ పెట్టి, ఫ్లోరెసీన్ (లేజర్ పడితే మెరిసే రంగు) ట్యాగ్ వేసిన అమైనో ఆమ్లాలు చూస్తుంటే, శాంపిల్ లేని ఉత్త నీళ్లు కూడా 585 దగ్గర సిగ్నల్ ఎందుకిస్తున్నాయి? కోటిని 488తో భాగిస్తే వేవ్‌నంబర్ (ఒక సెంటీమీటర్‌లో పట్టే తరంగాల సంఖ్య) 20,492, అందులోంచి నీటి ఓ-హెచ్ స్ట్రెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్ బంధం సాగే కంపనం) 3,400 తీసేస్తే 17,092, మళ్లీ కోటిని దాంతో భాగిస్తే 585. నీళ్ల రామన్! అంటే అణువుల కంపనానికి కొంత శక్తి పోయి, రంగు మారి చెదిరే వెలుతురు. క్రొమటోగ్రఫీ, లేజర్ రెండు చాప్టర్లూ ఒకటే అని అప్పుడు వెలిగింది.

యూవీ డిటెక్టర్ బోలెడంత వెలుతురులో కాస్త తగ్గుదలను కొలవాలి, ఫ్లోరెసెన్స్ అయితే చీకట్లో మెరుపును చూడటమే, అందుకే లేజర్ పవర్ పెంచేకొద్దీ సిగ్నల్ పెరుగుతుంది. కానీ సాల్వెంట్ రామన్ కూడా పెరుగుతుంది, అక్కడ ఫిల్టరే దిక్కు. ఫ్లోరెసీన్ 520 దగ్గర వెలుగుతుంది కాబట్టి నీళ్లతో బాధ తక్కువ. మొబైల్ ఫేజ్‌లో (కాలమ్‌లో పారే ద్రవంలో) అసిటోనైట్రైల్ అనే సాల్వెంట్ ఉంటే దాని 2,250 బ్యాండ్ 548 దగ్గర పడుతుంది, 520కి చాలా దగ్గర. ఇక అదే రామన్‌ను డిటెక్టర్‌గా వాడితే, ఒకే రిటెన్షన్ టైమ్‌కి (కాలమ్ దాటే సమయానికి) వచ్చే ఐసోమర్లను (ఒకే ఫార్ములా, వేరే అమరిక ఉన్నవాటిని) కూడా విడిగా గుర్తుపట్టొచ్చు. సిగ్నల్ బలహీనం కాబట్టి వెండి నానోకణాలతో సెర్స్, అంటే లోహపు ఉపరితలం మీద రామన్ సిగ్నల్‌ను పెంచే పద్ధతి.

గ్రూప్ థియరీ, కైనెటిక్స్ పాత పేపర్లతోనే లాగించాను. రోజూ కూర్చోండి, ఫోన్ పక్క గదిలో పెట్టండి, స్టేటస్‌లో మోటివేషన్ పెట్టినంత మాత్రాన మార్కులు రావు. నోట్స్ మాత్రం అడగొద్దు, నా చేతిరాత నాకే అర్థం కాదు. 532 లేజర్‌తో నీటికి అదే లెక్క వేసి చూడండి, 650 దగ్గర రావాలి.