మన డ్వాక్రా మీటింగులో దొంగ వీడియోలు పట్టే పాఠం పెట్టరేం?

తుఫాను హెచ్చరిక వస్తే చాలు, మా పలాస వైపు గాలి కంటే ముందు వాట్సాప్‌లో వీడియోలు దిగుతాయి. మొన్న పిన్ని చూపించిన దాంట్లో కొబ్బరిచెట్లు విరిగి పడుతున్నాయి. కింద 'ఇప్పుడే, సోంపేట' అని రాసుంది. పైన రెండు బాణం గుర్తులు, అంటే చాలా చేతులు మారి వచ్చిందన్నమాట. వెనక వినబడే మాటలు తెలుగు కాదు, ఒడియా అంతకన్నా కాదు.

"సోంపేటలో ఈ భాష ఎవులు మాట్లాడతారు పిన్నీ?" అన్నాను.

"తిత్లీ చూసినోళ్లం కదా నానా, భయమేస్తాది" అంది.

నిజమే. 2018లో వచ్చిన ఆ తిత్లీ తుఫాను ఇక్కడ ఎవరికీ మరుపు రాదు. ఆ భయం మీదే ఈ వీడియోలు బతుకుతున్నాయి.

ఫిన్లాండ్‌లో ఇలాంటివి పసిగట్టడం బడిలోనే నేర్పుతారు. 2016లో అమల్లోకొచ్చిన పాఠ్యప్రణాళికలో దీన్ని అన్ని సబ్జెక్టుల్లోనూ కలిపేశారు. 2019లో మీడియా విద్యకు జాతీయ విధానమే తెచ్చారు. అమెరికాలో ఏ రాష్ట్రం దారి దానిదే. న్యూజెర్సీ 2023లో దీన్ని బడిలో నేర్పాలని చట్టం చేసింది. అంత దూరం ఎందుకు, టీకాల మీద పుకార్లు చూసి కేరళలోని కన్నూరులో 2018లోనే సర్కారు బడుల్లో క్లాసులు పెట్టారు.

మనకి 2017లో పల్లెవాళ్లకి డిజిటల్ వాడకం నేర్పే కేంద్ర పథకం పీఎంజీదిశ వచ్చింది. 6 కోట్ల పల్లె ఇళ్లు లక్ష్యం. ఫోను వాడకం, డబ్బు పంపడం నేర్పారు, మంచిదే. వచ్చిన కబురు నమ్మాలా వద్దా అన్నది మాత్రం అందులో ముఖ్యమైన పాఠం కాలేదు.

పిల్లల సంగతి సరే, ఫార్వర్డ్ చేసేది పెద్దాళ్లు కదా! నన్నడిగితే డ్వాక్రా మీటింగే సరైన చోటు. వడ్డీలో రూపాయి తేడా వస్తే పట్టేసే ఆడవాళ్లకి వీడియో తేదీ పట్టుకోవడం ఎంతసేపు?