గుమ్మం దగ్గర మొదటి రెండు నిమిషాలు

కొత్త ప్రయాణికుడిని గుర్తుపట్టడం కండక్టరుకు కష్టమేమీ కాదు. బోర్డు చదువుతాడు, పక్కనున్నవాళ్లను అడుగుతాడు, మళ్లీ బోర్డు చదువుతాడు. ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టి రెండోది నేలమీదే ఉంచుతాడు. ఆ క్షణంలో "రండి, ఇది రాయచోటికే, వెనకాల సీటుంది" అంటే ఎక్కుతాడు. మనం టిక్కెట్లు లెక్కపెట్టుకుంటూ తల ఎత్తకపోతే దిగిపోతాడు. కడపలో 29 ఏళ్లు ఆర్టీసీ కండక్టరుగా చేసి రిటైరయ్యాను. నేలమీద ఆగిపోయిన ఆ రెండో కాలును ఎన్ని వేలసార్లు చూసి ఉంటానో.

అలాంటి నేను, పోయిన డిసెంబరులో మా చర్చి గుమ్మం దగ్గర ఒకామెను చూసి కూడా కదలలేదు.

అది క్రిస్మస్‌కు ముందు ఆదివారం. ఆమెకు పాతికేళ్లు ఉంటాయేమో, చంకలో పాప. చెప్పులు విడిచేచోట నిలబడి లోపలికి చూస్తోంది. చెప్పులు విప్పింది, మళ్లీ వేసుకుంది, మళ్లీ విప్పింది. చివరికి వచ్చి స్త్రీల వైపు ఆఖరి వరుసలో కూర్చుంది. అక్కడ ఎవరిదో బైబిలు, దానిమీద రుమాలు ఉన్నాయి. కాసేపటికి ఆ కుటుంబం వచ్చి "ఇది మా చోటమ్మా" అంది. ఆమె ముందు వరుసకు జరిగింది. అక్కడా అదే మాట. ఈలోగా పాప ఏడుపు అందుకుంది. నలుగురైదుగురు వెనక్కి తిరిగి చూశారు. వాళ్లు కోపంగా చూడలేదు, ఊరికే చూశారు. ముక్కూమొహం తెలియని చోట ఆ చూపు ఎంత బరువో ఒక్కసారి అక్కడ కూర్చుంటే తెలుస్తుంది. కానుకల కీర్తన ఎత్తుకునేసరికి ఆమె లేచింది. సంఘ పెద్దగా కానుకల సంచి పట్టుకొని వరుసలు తిరగడం నా పని. నేను ఆ వరుసకు వచ్చేసరికి చోటు ఖాళీగా ఉంది.

తర్వాత వాచ్‌మన్ చెప్పాడు. ఆమె భర్త రిమ్స్ ఆసుపత్రిలో ఉన్నాడట. పాస్టరు అయ్యగారితో ఒక ప్రార్థన చేయించుకొని వెళ్దామని వచ్చిందట. ఊరి పేరు కూడా వాచ్‌మన్ అడగలేదు.

ఇదంతా గుండెలో పెట్టుకొని తిరుగుతుండగా మే నెల వచ్చింది. సండే స్కూలు పిల్లలను బెంగళూరు దగ్గర వండర్‌లా వినోద పార్కుకు తీసుకెళ్లాలని కమిటీ నిర్ణయించింది. పెద్దవాళ్లలో ఒకరు బస్సు సంగతి తెలిసినవాళ్లు ఉండాలని నన్ను పంపారు. రాత్రి పది గంటలకు బయలుదేరాం. గువ్వలచెరువులో పాలకోవా కోసం బస్సు ఆపక తప్పలేదు. మదనపల్లె, చింతామణి మీదుగా బెంగళూరు దాటి, మైసూరు రోడ్డులో బిడది చేరేసరికి తెల్లవారి టిఫిన్ల వేళయింది.

ఆ పార్కు 2005లో మొదలైంది. పెట్టినాయన కొచౌసెఫ్ చిట్టిలపిల్లి, వీ-గార్డ్ స్టెబిలైజర్ల కంపెనీ ఆయనదే. అంతకు ముందు 2000లో కొచ్చిలో వీగాలాండ్ పేరుతో ఒక పార్కు పెట్టాడు. కరెంటు ఎక్కువ తక్కువలైనా ఇంట్లో టీవీ కాలిపోకుండా చూసే వ్యాపారం చేసిన మనిషి, జనాన్ని అంతెత్తుకు తీసుకెళ్లి క్షేమంగా దింపే పనిలోకి రావడం నాకు సహజంగానే తోచింది.

నేను చూసింది ఒక చిన్న సంగతి. మా గుంపులో ఏడేళ్ల పిల్లవాడు ఉన్నాడు, వయసుకు కాస్త పొట్టి. అన్నలందరూ ఎక్కుతున్న ఒక రైడ్ దగ్గర వాడూ వరుసలో నిలబడ్డాడు. ఎత్తు కొలిచే గీత దగ్గరికి వచ్చేసరికి తల గీత కిందే ఉండిపోయింది. కింది పెదవి బయటికి వచ్చింది. ఇక ఏడుపే అనుకున్నాను. అక్కడ నిలబడ్డ కుర్రవాడు ఇరవై రెండేళ్లవాడై ఉంటాడు, కన్నడం తప్ప రాదు. మా పిల్లవాడి ముందు మోకాలి మీద కూర్చున్నాడు. తన అరచేయి పిల్లవాడి తలమీద పెట్టి, అక్కడినుంచి గీత దాకా ఉన్న ఖాళీని రెండు వేళ్లతో చూపించాడు. ఇంతే మిగిలింది అన్నట్టు నవ్వాడు. తర్వాత లేచి, వేలు చూపకుండా చేతిని మొత్తం చాచి, వాడు ఎక్కగలిగిన రైడ్ ఎటు ఉందో చూపించాడు. వరుసలో మా వెనుక నలభై మంది ఉన్నారు. ఆ అర నిమిషం ఆ కుర్రవాడికి వాళ్లెవరూ లేరు.

పిల్లవాడు ఏడవలేదు. ఆ రెండు వేళ్ల ఖాళీని సాయంత్రం దాకా అందరికీ చూపించాడు.

లోపలికి రానివ్వకపోయినా ఎలా మాట్లాడాలో అతనికి తెలుసు. రమ్మని పిలిచే సువార్త చేతిలో పెట్టుకొని కూడా మాకు తెలియలేదు. తిరుగు ప్రయాణంలో నాకు నిద్ర పట్టలేదు.

ఇంటికి వచ్చాక ఈ పార్కుల గురించి దొరికినదల్లా చదివాను. మిక్కీ మౌస్ బొమ్మల వాల్ట్ డిస్నీకి ఇలాంటి పార్కు పెట్టాలన్న ఆలోచన లాస్ ఏంజిలిస్‌లో గ్రిఫిత్ పార్కు బెంచీ మీద వచ్చిందట. కూతుళ్లు రంగులరాట్నం తిరుగుతుంటే తాను పల్లీలు తింటూ కూర్చునేవాడినని, పెద్దలూ పిల్లలూ కలిసి సంతోషపడే చోటు ఒకటి ఉండాలి కదా అనుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. రైడ్ నడిపేవాడి వైపునుంచి కాకుండా బెంచీ మీద వేచి ఉన్న తండ్రి వైపునుంచి ఆలోచన మొదలైంది. 1955 జూలై 17న కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ తెరిచిన రోజు మాత్రం అంతా గందరగోళమే. దొంగ టిక్కెట్లతో జనం విరగబడ్డారు. కొత్తగా పోసిన తారు ఎండకు మెత్తబడి ఆడవాళ్ల మడమ చెప్పులు దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె వల్ల తాగునీటి కుళాయిలు, మరుగుదొడ్లు రెండూ పూర్తిచేసే వ్యవధి లేకపోతే డిస్నీ మరుగుదొడ్లనే ఎంచుకున్నాడు. నీళ్లు లేవని తిట్టినా తిట్టనివ్వండి అనుకున్నాడు.

ఈ ముక్క మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె చేతిలో పని ఆపి, "మీకు ఇప్పుడు తెలిసిందా?" అంది. ఆదివారం పొద్దున ఇంటినుంచి బయలుదేరే ముందు తను నీళ్లు తాగదట. తనే కాదు, మా చర్చి ఆడవాళ్ల సంఘం స్త్రీల మైత్రిలో యాభై దాటిన వాళ్లెవరూ తాగరట. చర్చి వెనుక మరుగుదొడ్డికి తాళం ఉంటుంది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర. వాచ్‌మన్ ఎక్కడో గేటు దగ్గర. ఆరాధన మధ్యలో లేచి, మగవాళ్ల ముందునుంచి నడిచి వెళ్లి అతన్ని తాళంచెవి అడగాలి. రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారపు ఆదివారం మూడు గంటలు పడుతుంది. కడప ఎండలో మూడు గంటలు, నాలుక పిడచగట్టుకుపోతున్నా, షుగరు ఉన్న ముసలమ్మలు గుక్కెడు నీళ్లు తాగకుండా కూర్చుంటున్నారు. పదకొండేళ్లుగా కమిటీలో ఉన్నాను. మైకు సెట్టు మార్చాం, గోపురానికి దీపాలు పెట్టాం, ప్రహరీకి రెండుసార్లు రంగు వేయించాం. ఈ తాళం సంగతి ఒక్కసారి కూడా మా పుస్తకంలోకి ఎక్కలేదు.

చదివినవాటిలో ఇంకొకటి నన్ను పట్టుకుంది. డిస్నీ పార్కుల్లో పనివాళ్లకు చాలాకాలం నేర్పిన సూత్రాలు నాలుగు. భద్రత, మర్యాద, ప్రదర్శన, సామర్థ్యం, ఈ వరుసలోనే. రెండింటి మధ్య చిక్కు వస్తే ముందున్నదే గెలవాలి. మర్యాద కోసం భద్రతను వదలకూడదు, పని త్వరగా తెమలాలని మర్యాదను వదలకూడదు. బస్సులో నేను చేసిందీ ఇదే, ఇంత చక్కగా వరుస పెట్టి ఎవరూ చెప్పలేదంతే. టైముకు డిపో చేరాలని దిగుతున్న ముసలాయన రెండో కాలు నేల తాకకముందే రైట్ చెప్పే కండక్టరును నేను క్షమించేవాడిని కాదు. చర్చిలో మా వరుస మాత్రం తలకిందులుగా ఉంది. ప్రకటనలు సమయానికి ముగియాలి, కీర్తన శ్రుతి తప్పకూడదు. ఏడుస్తున్న పాపను ఎత్తుకున్న తల్లి ఆ తర్వాతే.

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో శాంటాక్లాజ్ అనే పేరున్న చిన్న ఊరు ఉంది. అక్కడ 1946 నుంచి ఒకే కుటుంబం ఒక పార్కు నడుపుతోంది. ఇప్పుడు దాని పేరు హాలిడే వరల్డ్. 2000 నుంచి లోపల ఎవరు ఎన్నిసార్లు అడిగినా కూల్‌డ్రింకు ఉచితం. ఎండకు చర్మం కమలకుండా రాసుకునే క్రీము కూడా ఉచితం. బండి నిలుపుకోవడానికీ డబ్బు తీసుకోరు. ఇది మనకు కొత్త విద్య కానే కాదు. ఎండాకాలం వచ్చిందంటే కోటిరెడ్డి సర్కిల్ చుట్టుపక్కల ఎన్ని చలివేంద్రాలు వెలుస్తాయో చూడండి. తాగేవాడి కులం, మతం, ఊరు అడగకుండా గ్లాసు అందిస్తారు. ఉగాదినాడు దేవుని కడప వేంకటేశ్వరుని గుడికి ముస్లింలు వస్తారు. స్వామి భార్యగా చెప్పుకునే బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడపడుచుగా తలచి వచ్చేవాళ్లను అక్కడ ఎవరూ వింతగా చూడరు. పెద్ద దర్గాకు వెళ్లే హిందువులనూ అంతే. ఇలాంటి ఊళ్లో పుట్టి, మా గుమ్మం దగ్గర కొత్త మనిషి చెప్పులు విప్పాలో వద్దో తెలియక నిలబడిందంటే, ఊరి మర్యాదను మేము గేటు బయటే వదిలి వచ్చామన్నమాట.

జూన్ కమిటీలో ఇదంతా చెప్పాను. మాలో అందరికంటే పెద్దాయన, ఎనభై దాటినవారు, నేను తండ్రిలా గౌరవించే మనిషి, లేచి నిలబడ్డారు. "దేవుని మందిరాన్ని ఎగ్జిబిషన్ చేస్తామంటే నేను ఒప్పుకోను నాయనా" అన్నారు. ఆయన భయం నాకు అర్థమైంది, అందులో సగం నాదే. పార్కులో టిక్కెట్టు లేనివాడికి చోటు లేదు, సాయంత్రం కాగానే అందరినీ పంపేస్తారు. రంగు దీపాలు, పొగ, గుండె అదిరే స్పీకర్లు తెచ్చి ఆరాధన అంటే నేనూ కూర్చోలేను. పాత కీర్తన నెమ్మదిగా పాడుకునే నిశ్శబ్దం కోసమే కదా నేను వస్తున్నది. వండర్‌లాలో ఎక్కువ డబ్బు కట్టినవాళ్లకు ఫాస్ట్‌ట్రాక్ టిక్కెట్టు ఉంటుంది, వాళ్ల వరుస వేరు, త్వరగా ఎక్కుతారు. అది మనం అస్సలు నేర్చుకోకూడనిది. "కానీ అయ్యా, అది మన దగ్గర ఇప్పటికే ఉంది" అన్నాను. పండుగనాడు ముందు వేసే సోఫాలు ఎవరికోసం? యాకోబు పత్రిక రెండో అధ్యాయం తెరిచి చదివాను. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడిని మంచి చోట కూర్చోబెట్టి, మురికి బట్టల పేదవాడిని అక్కడే నిలబడమనడం తప్పని అందులో ఉంది.

పెద్దాయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆ తాళం ఎవరు వేయించారు?" అని అడిగారు.

సోఫాల మాట ఇంకా తేలలేదు, క్రిస్మస్ నాటికి మళ్లీ ఎత్తుతాను. రుమాళ్లు వేసి చోటు పట్టుకోవడం గురించి అయ్యగారు వేదిక మీదనుంచి చెప్పారు, కొందరు నొచ్చుకున్నారు. పసిపిల్లల తల్లులకు ఫ్యాను కింద, తలుపు పక్కన రెండు వరుసలు వదిలాం. పాప ఏడిస్తే బయటికి వెళ్లడం సులువు, ఊరుకున్నాక లోపలికి రావడం ఇంకా సులువు. గేటు పక్కన మూత ఉన్న కుండ, గొలుసు లేని గ్లాసులు పెట్టాం. కానుకల సంచి వేరేవాళ్లకు అప్పగించి నేను ఆరాధనకు అరగంట ముందునుంచి చెప్పుల దగ్గర నిలబడుతున్నాను. మొదటివారం ఎవరూ కొత్తవాళ్లు రాలేదు. రెండోవారం మైదుకూరు వైపునుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. ఇద్దరూ గేటు పైన ఉన్న పేరు రెండుసార్లు చదివారు. నేను వెళ్లి "రండి, ఇంకా మొదలు కాలేదు, లోపల చోటుంది" అన్నాను. వాళ్లు పాట పుస్తకం తెచ్చుకోలేదని మొహమాటపడితే నాది ఇచ్చాను.

డిసెంబరులో వచ్చినామె మళ్లీ రాలేదు. జూన్‌లో రెండుసార్లు రిమ్స్‌కు వెళ్లి వార్డుల్లో విచారించాను. పేరు తెలియకుండా ఎవరినని అడగను?

మరుగుదొడ్డికి ఇప్పుడు తాళం లేదు, లోపల గడియ, బకెట్టు, సబ్బు ఉన్నాయి. పెద్దాయనే వడ్రంగిని పిలిపించి దగ్గర నిలబడి తలుపు బిగింపించారు. మొన్న ఆదివారం బయలుదేరుతుంటే మా ఆవిడ బైబిలు సంచిలో నీళ్ల సీసా పెట్టుకుంది. దారిలో ఆటోలోనే సగం తాగేసింది.