పారాలీగల్ సర్టిఫికెట్: ఖర్చెంత, ఫలమెంత

హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవారి కుటుంబానికి ఇచ్చేది) మీద అమెరికా వచ్చి, వర్క్ పర్మిట్ చేతికి అందాక ఏ దారి పట్టాలో తేల్చుకోలేక సతమతమయ్యే మన ఆడవాళ్లలో ఐటీ వైపు వెళ్లడం ఇష్టం లేనివారు చాలామందే ఉంటారు. ఇండియాలో బీకామో, ఎంఏనో, ఎల్ఎల్‌బీనో చదివి వచ్చిన అలాంటివారు పారాలీగల్, అంటే లాయరు కింద కేసుల కాగితాల పని చూసే సహాయకురాలు, కావడానికి చదివే సర్టిఫికెట్ గురించి నన్ను తరచుగా అడుగుతుంటారు. నేను న్యూజెర్సీలో ఒక చిన్న ఇమిగ్రేషన్ లా ఆఫీసులో ఈ పనే చేస్తున్నాను. "డబ్బు పోసి చదివితే ఉద్యోగం వస్తుందా?" అన్నది వారి ప్రశ్న. ఆ కాగితం ఇంటర్వ్యూ గది తలుపు దాకా తీసుకెళుతుంది, అంతకు మించి ఆశించకూడదు అన్నది నా అభిప్రాయం. ఆ తలుపు దాకా చేరడానికి ఎంత పెట్టవచ్చన్నదే తేల్చుకోవలసిన లెక్క.

ఫీజు కంటే ముందు చూసుకోవలసింది పనిచేసే అనుమతి. ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం పొందిన హెచ్-1బీ ఉద్యోగుల భార్యాభర్తలకు 2015 మే నెల నుంచి వర్క్ పర్మిట్ ఇస్తున్నారు. అది ఉన్నంత కాలం ఏ లా ఆఫీసులోనైనా చేరవచ్చు. అది లేనివారు, ముందు ఉద్యోగం సంపాదిస్తే ఆఫీసువాళ్లే హెచ్-1బీ వేస్తారనుకుని కోర్సులో చేరడం మాత్రం మంచిది కాదు. హెచ్-1బీకి ఆ ఉద్యోగం ఒక ప్రత్యేక రంగంలో డిగ్రీ తప్పనిసరిగా కోరేదై ఉండాలి. పారాలీగల్ పనికి రెండేళ్ల డిగ్రీ, లేదా ఏ డిగ్రీతోనైనా పాటు ఒక సర్టిఫికెట్ ఉంటే చాలన్నది ఇక్కడి వాడుక కనుక, ఆ దరఖాస్తు నిలబడడం చాలా కష్టం.

ఇక సర్టిఫికెట్ తప్పనిసరా అంటే, చాలా రాష్ట్రాలలో చట్టం అలా చెప్పదు. ఎవరిని తీసుకోవాలో లాయరే నిర్ణయించుకుంటారు. కాలిఫోర్నియా వేరు. అక్కడ పారాలీగల్ అని చెప్పుకోవడానికి ఏ అర్హతలు ఉండాలో చట్టంలోనే రాసి ఉంది. రెండేళ్లకొకసారి నిర్ణీత గంటల శిక్షణ కూడా పూర్తి చేయాలి. మిగతా చోట్ల ఉద్యోగ ప్రకటనలలో ఎక్కువగా కనిపించే మాట లాయర్ల సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్ ఆమోదం. ఆ ఆమోదం కోర్సుకే గాని మనిషికి కాదు. ఆమోదం ఉన్న కోర్సులో కనీసం 18 సెమిస్టర్ క్రెడిట్ల న్యాయశాస్త్ర పాఠాలు ఉండాలి. కొద్ది వారాలలో ఇంట్లో కూర్చుని పారాలీగల్ అయిపోవచ్చని ఊరించే ప్రకటనలను ఈ కొలతతో చూస్తే వాటి బరువెంతో తెలిసిపోతుంది.

ఖర్చు దగ్గర తేడాలు పెద్దవి. కమ్యూనిటీ కాలేజీలో స్థానికుల ఫీజుతో చేరితే కొద్ది వేల డాలర్లలో ముగిసే చదువుకు, పేరున్న విశ్వవిద్యాలయంలో దానికి రెండు మూడు రెట్లు కట్టవలసి రావచ్చు. హెచ్-4 వారిని స్థానికులుగా లెక్కించాలా వద్దా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి, కాలేజీ రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోవాలి. ఫెడరల్ ఆర్థిక సహాయం గ్రీన్ కార్డు వచ్చేదాకా అందదు. చిన్న పిల్లలున్న ఇంట్లో అసలు ఖర్చు ఫీజు కాదు, డే కేర్. సాయంత్రం క్లాసులున్న కాలేజీని వెతుక్కోవడానికి ఇదొక్క కారణమే చాలు.

జీతం సంగతికి వస్తే, కార్మిక గణాంకాల విభాగం లెక్కల ప్రకారం 2024లో ఈ వృత్తిలో మధ్యస్థ వార్షిక వేతనం 61,010 డాలర్లు, అంటే సగం మందికి అంతకంటే తక్కువ. కొత్తగా చేరినవారు సహజంగానే ఆ తక్కువ సగంలో ఉంటారు. భర్త ఐటీ జీతంతో పోల్చి నిరుత్సాహపడేవారిని చూశాను గాని, ఆ పోలికే సరైనది కాదు. ఇంకొక మాట: పారాలీగల్‌లకు సాధారణంగా ఓవర్‌టైమ్ హక్కు ఉంటుంది. మార్చిలో హెచ్-1బీ రిజిస్ట్రేషన్ల హడావిడి మొదలయ్యాక ఆ హక్కు విలువ బాగా తెలిసివస్తుంది.

మరి కోర్సు నేర్పేదేమిటి? సివిల్ ప్రొసీజర్, కాంట్రాక్టులు, వెస్ట్‌లా అనే ఆన్‌లైన్ న్యాయ భాండాగారంలో కేసులు వెతకడం, మెమో రాయడం నేర్పుతారు. ఇమిగ్రేషన్ ఆఫీసులో అక్కరకొచ్చేవాటిలో చాలా భాగం అందులో ఉండదు. ఉదాహరణకు గ్రీన్ కార్డు దరఖాస్తు ఐ-485కు జనన ధ్రువీకరణ పత్రం కావాలి. మన ఊళ్లలో ఇళ్లలోనే పుట్టినవారికి చాలాసార్లు అది ఉండదు. ఉన్నా అందులో పిల్ల పేరు ఉండదు, తల్లిదండ్రుల పేర్లు మాత్రమే ఉంటాయి. లేదా అందులోని తేదీకి, పదో తరగతి సర్టిఫికెట్‌లోని తేదీకి పొంతన ఉండదు. అప్పుడు మున్సిపాలిటీ నుంచో పంచాయతీ నుంచో రికార్డు లేదన్న పత్రం తెప్పించి, పుట్టుక తెలిసిన పెద్దల అఫిడవిట్లు జతచేయాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారిది మరో చిక్కు. "మీ మేనమామ గారున్నారా? ఆయన చేత రాయించండి" అని తెలుగులో అడిగి, ఆ కాగితంలో ఏముండాలో వారికి అర్థమయ్యేలా చెప్పగల మనిషి ఇలాంటి ఆఫీసుకు ఎంతో అవసరం. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ఈ నేర్పునే ముందు చెప్పుకోవాలని నేను అందరికీ చెబుతాను.

అయితే ఈ వృత్తికి ఒక గీత ఉంది, అది మనవాళ్ల మధ్య ఉద్యోగం చేసేటప్పుడు మరీ ఇబ్బంది పెడుతుంది. "అక్కా, నా ఐ-485 పెండింగ్‌లో ఉంది, నాన్నకు ఒంట్లో బాగాలేదు, వెళ్లి రావచ్చా?" అని ఫోనులో అడిగిన తమ్ముడికి జవాబు తెలిసినా నేను చెప్పకూడదు; లాయరుతో మాట్లాడించాలి. పారాలీగల్ సలహా ఇస్తే అది అనుమతి లేని న్యాయవాద వృత్తి కిందికి వస్తుంది. మొహమాటం వదులుకోలేనివారికి ఈ ఉద్యోగం కుదరదు.

ఎల్ఎల్‌బీ ఉన్నవారి లెక్క వేరు. న్యూయార్క్ వంటి రాష్ట్రాలు మన ఎల్ఎల్‌బీని పరిశీలించి, అర్హత ఉన్నవారిని నేరుగా గాని, ఇక్కడ ఎల్ఎల్ఎం చేశాక గాని లాయరు కావడానికి రాసే బార్ పరీక్షకు అనుమతిస్తాయి. ఆ దారి తెరిచి ఉందో లేదో కనుక్కోకుండా సర్టిఫికెట్‌కు డబ్బు కట్టవద్దు. ఇతర డిగ్రీల వారు, మూడేళ్ల డిగ్రీని ఆ కాలేజీ ఎలా లెక్కిస్తుందో మూల్యాంకన నివేదికతో ముందే తేల్చుకోవాలి. నాలా (NALA) అనే పారాలీగల్‌ల సంఘం నిర్వహించే సర్టిఫైడ్ పారాలీగల్ పరీక్ష, కోర్సు పూర్తయినట్టు కాలేజీ ఇచ్చే కాగితం వంటిది కాదు. అది రాసి గెలుచుకునే అర్హత, అయిదేళ్లకొకసారి 50 గంటల శిక్షణ చూపి నిలుపుకోవాలి. దాన్ని ఉద్యోగంలో కుదురుకున్నాక రాయడమే మేలు, ఎందుకంటే అప్పటికి ఏ రంగంలో స్థిరపడతారో తెలుస్తుంది, ఫీజు ఆఫీసు చేత కట్టించమని అడిగే చొరవా వస్తుంది.