శుక్రవారం సాయంత్రాలు మొక్కని జరిపే మనిషి

"ప్రతి శుక్రవారం ఈ కుండీ నేనే జరపాలా, మీ మొక్కని మీరు చూసుకోరా?" అని మా ఆఫీసు బిల్డింగ్ మెయింటెనెన్స్ చూసే పెద్దాయన సీటు దగ్గరికొచ్చి మరీ అడిగితే, ముందు నాకు ఆయన దేని గురించి మాట్లాడుతున్నాడో కూడా అర్థం కాలేదు. నా డెస్క్ పక్కన కిటికీ గట్టు మీద ఒక మనీ ప్లాంట్ ఉంది. శుక్రవారం ఎక్కడ పెట్టి వెళ్తానో సోమవారం అక్కడే ఉంటుంది. ఈ రెండిటి మధ్య అది ఎక్కడికీ కదల్లేదనే ఎవరైనా అనుకుంటారు కదా.

ఆయన చెప్పింది ఇదీ. శుక్రవారం అందరూ వెళ్ళాక బిల్డింగ్‌లో హీటింగ్ తగ్గిస్తారు, ఆ తగ్గించే మనిషి ఆయనే. సోమవారం తెల్లారకముందే వచ్చి మళ్ళీ పెంచుతాడు. ఈ మధ్యలో గది చల్లబడుతుంది, గది కంటే కిటికీ అద్దం ఇంకా చల్లబడుతుంది, నా మొక్క ఆకులేమో ఆ అద్దానికి ఆనుకుని ఉంటాయి. మనీ ప్లాంట్‌కి పది డిగ్రీల కిందకి పోతే దెబ్బే, గడ్డ కట్టేంత చలి అక్కర్లేదు. కణాల చుట్టూ ఉండే పొరలు చలికి పాడై లోపలి నీళ్ళు బయటికి కారిపోతాయి, ఆకు ముందు నీరు పట్టినట్టు అయ్యి తర్వాత నల్లబడుతుంది, అలా నల్లబడ్డ ఆకు మళ్ళీ కోలుకోదు. అందుకని ఆయన చలికాలం మొదలైనప్పట్నుంచీ శుక్రవారం కుండీని లోపలికి జరిపి, సోమవారం నేను వచ్చేలోపు మళ్ళీ గట్టు మీద పెడుతున్నాడు. ఒక్క మాట చెప్పకుండా. చెప్పినప్పుడేమో ఇలా.

రెండు మూడు రోజులు నాకు ఇదే బుర్రలో తిరిగింది. సాయానికి థాంక్స్ చెప్పాలా, అందరి ముందూ అన్న మాటకి బాధపడాలా? మనవాళ్ళైతే ఇంత సాయం చేసి "ఏముందిలెండి" అంటారు, లేదా అసలు చెప్పరు, విసుగొస్తే ఇంకెవరితోనో అంటారు, అది తిరిగి తిరిగి మన చెవిన పడుతుంది. ఈయన రెండూ ఒకే వాక్యంలో పెట్టేశాడు. ఈ చలి దేశానికొచ్చి ఇన్నేళ్ళైనా నాకు ఈ మొహం మీద చెప్పడం అలవాటు కాలేదు, మీటింగుల్లో కూడా అంతే, "ఇది తప్పు, మార్చండి" అని చెప్పి ఆ వెంటనే మామూలుగా నవ్వుతూ కాఫీ తాగుతారు, నేను మాత్రం ఆ రోజంతా దాన్నే మోస్తూ ఉంటాను. కానీ ఇంకోటి కూడా ఆలోచించాను. పక్క సీటు మనిషి బావున్నాడా లేదా అని కూడా అడగరు వీళ్ళు అని నేను చాలాసార్లు అనుకున్నాను. అదే ఆఫీసులో ఒక మనిషి, తనది కాని మొక్క కోసం వారం వారం ఇంటికెళ్ళే ముందు నా డెస్క్ దాకా నడిచొచ్చాడు.

మనకి మొక్కలు తెలియవని ఆయన అనుకుని ఉంటే మాత్రం నేను ఒప్పుకోను. మన దగ్గర దీన్ని చూసుకునే పనే లేదు కదా! ఒక ముక్క విరిచి మట్టిలో గుచ్చితే చాలు, గోడెక్కుతుంది, చెట్టెక్కుతుంది, వాన చూసుకుంటుంది, ఎండ చూసుకుంటుంది. చెట్టెక్కిన మనీ ప్లాంట్ ఆకులు మీటరు పొడవు, దాదాపు అర మీటరు వెడల్పు దాకా పెరుగుతాయి, అంచుల్లో చీలికలు కూడా వస్తాయి, ఇక్కడివాళ్ళకి ఫోటో చూపిస్తే అది వేరే మొక్క అంటారు. వాళ్ళు చూసేదంతా కుండీలో అరచేతి సైజు ఆకులే మరి. ఇదంతా వాదించడానికి చదువుతుంటే తెలిసిందేంటంటే ఇది మనది కూడా కాదు. పసిఫిక్ మహాసముద్రంలో ఫ్రెంచ్ పాలినీషియాకి చెందిన మోరియా అనే దీవి దీని పుట్టిల్లు. అక్కణ్ణుంచి వేడి దేశాలన్నిటికీ పాకి, కొన్నిచోట్ల అడవుల్లో పడి అక్కడి మొక్కల్ని కమ్మేసేంతగా స్థిరపడింది. మనది కాదని తెలిసినందుకు నాకు కొంచెం దిగులేసిందని చెప్తే నవ్వకండి.

తేడా ఎక్కడంటే, బయట పెరిగే మొక్కకి ఎవరూ లేకపోయినా నడుస్తుంది, గదిలో మొక్కకి ప్రతిదీ ఒక మనిషి ఇవ్వాలి. ఆ మనిషి సెలవులో ఉంటే గదిలో ఋతువు మారినట్టే. నీళ్ళ సంగతే చూడండి. మనం మొక్కని చూడగానే చెయ్యి చెంబు మీదకి పోతుంది, అది ప్రేమే, అందులో తప్పేం లేదు, అక్కడి ఎండకి ఆ నీళ్ళు సాయంత్రానికల్లా ఆవిరైపోతాయి. ఇక్కడ చలికాలంలో నాలుగింటికే చీకటి, వెలుతురు తక్కువైతే ఆకు నీళ్ళు తక్కువ తాగుతుంది, మట్టి రోజుల తరబడి తడిగానే ఉంటుంది. వేర్లకి నీళ్ళే కాదు గాలి కూడా కావాలి, మట్టి సందుల్లో గాలి ఉండాల్సిన చోట నీళ్ళు నిలిస్తే వేర్లు ఊపిరాడక కుళ్ళిపోతాయి. కుళ్ళిన వేరు నీళ్ళు తాగలేదు కాబట్టి మొక్క వాడిపోతుంది, వాడిందని మనం ఇంకా పోస్తాం. అందుకే వేలు రెండు కణుపుల దాకా మట్టిలో పెట్టి చూసి, పొడిగా ఉంటేనే పోయాలి, పోస్తే అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోసి పళ్ళెంలో నిలిచింది పారబోయాలి. కొన్నాళ్ళకి కుండీ ఎత్తితేనే బరువుని బట్టి తెలిసిపోతుంది. మెయింటెనెన్స్ ఆయన వేలు కూడా పెట్టడు, ఎత్తి చూస్తాడు అంతే.

ఇక హీటర్. అది గదిని వెచ్చగా చేస్తుంది, అలా వెచ్చబడ్డ గాలి పొడిగా అయిపోతుంది. నా పెదాలు పగిలే రోజుల్లోనే మొక్కకి ఆకు కొసలు గోధుమ రంగుకి తిరుగుతాయి, ఆకు రసం పీల్చే ఎర్రనల్లి అనే చిన్న పురుగు కూడా ఈ పొడి గాలిలోనే ఎక్కువ వస్తుంది, ఆకు అడుగున సాలెగూడు లాంటి సన్నటి దారాలు కనిపిస్తే అదే. ఆకుల మీద నీళ్ళు చిలకరిస్తే సరిపోతుందని చాలామంది చెప్తారు, ఆ తడి కాసేపట్లో ఆరిపోతుంది, దానికంటే తడిగుడ్డతో ఆకుల రెండు వైపులా తుడవడం మేలు, దుమ్మూ పోతుంది నల్లీ పోతుంది.

మా టీమ్‌లో ఒకమ్మాయి ఈ మొక్క గాలిని శుభ్రం చేస్తుంది కాబట్టే ఉంచారేమో అంది. ఆ మాట 1989లో నాసా చేసిన ప్రయోగం నుంచి వచ్చింది, అది మూసేసిన చిన్న పెట్టెల్లో చేశారు. 2019లో అలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్కేసినవాళ్ళు, గదికి మామూలుగా వచ్చే గాలితో పోటీ పడాలంటే ఒక్కో చదరపు మీటరుకి పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేల్చారు. నాకు అదేం అక్కర్లేదు. పొద్దున లాగిన్ అయ్యేముందు చుట్టుకుని ఉన్న కొత్త ఆకు ఎంత విచ్చుకుందో చూస్తాను, నాకది చాలు.

ఇప్పుడు ఆయనకీ నాకూ వెలుతురు మీద వాదన నడుస్తోంది. శుక్రవారాలు కుండీ నేనే జరుపుతున్నాను, కానీ కిటికీకి దూరంగా ఉంటే మొక్కకి వెలుతురు చాలట్లేదని నా మాట. సీలింగ్ లైట్లు ఉన్నాయిగా అంటాడాయన. మన కంటికి ఆఫీసు బాగా వెలుగ్గానే కనిపిస్తుంది, ఎందుకంటే కన్ను సర్దుకుంటుంది. వెలుతురుని లక్స్‌లలో కొలుస్తారు, లెక్క తీస్తే డెస్క్ మీద పడేది ఐదొందల లక్స్ దగ్గర్లో, ఎండలో నిలబడితే లక్ష లక్స్. ఆ ఐదొందలతో మనీ ప్లాంట్ చావదు, అది నిజమే, అందుకే ప్రపంచంలో సగం ఆఫీసుల్లో ఇదే కనిపిస్తుంది. కానీ కణుపుకీ కణుపుకీ మధ్య తీగ సాగిపోతుంది, ఆకు చిన్నదవుతుంది, ఆకు మీద పసుపు చారలు తగ్గి ఆకుపచ్చే మిగులుతుంది, నా మొక్కకి ఇప్పుడు సరిగ్గా అదే జరుగుతోంది. ఈసారి నేను కూడా మొహం మీదే చెప్పాను, "మీ లైట్లు చాలవు, చూడండి ఈ ఆకులు" అని. ఆయనేం నొచ్చుకోలేదు, కళ్ళజోడు పెట్టుకుని కిందనుంచి పైదాకా తీగంతా చూశాడు.

మొక్కలు పెరగడానికి వాడే గ్రో లైట్ ఒకటి, రోజుకి పన్నెండు గంటలు వెలిగేలా టైమర్ ఒకటి తెచ్చాను. చిక్కల్లా శనాదివారాలు డెస్కుల సాకెట్లకి కరెంట్ ఆపేస్తారు, ఆపేదీ ఆయనే. నా ఒక్క సాకెట్ వదిలెయ్యమని అడిగాను. రూల్ చూసి చెప్తానన్నాడు, ఇంకా చెప్పలేదు, ఈ శుక్రవారం మళ్ళీ అడుగుతాను.