ఎల్సా మంచుకి కారణం దొరికింది

2013లో వచ్చిన డిస్నీ యానిమేషన్ సినిమా ‘ఫ్రోజెన్’ మొదటి భాగంలో, ముట్టుకుంటే ఏదైనా గడ్డకట్టించే యువరాణి ఎల్సాకి ఆ మంచు శక్తి ఎలా వచ్చిందో చెప్పరు. పుట్టుకతో వచ్చిందా, శాపమా అని ముసలి ట్రోల్ (కొండల్లో ఉండే మాయజీవి) అడుగుతాడు. పుట్టుకతోనే అంటాడు తండ్రి. అంతే, కథ ముందుకెళ్లిపోతుంది. 2019 నాటి రెండో భాగం ఆ ఒక్క జవాబునే పట్టుకుని తవ్వింది. నాకది అంతగా నచ్చింది అందుకే.

సీక్వెల్ అనగానే శక్తి రెట్టింపు చేసి, ఇంకా పెద్ద విలన్‌ని దింపుతుంటారు. ఇందులో బతికున్న విలనే లేడు. పొగమంచు కమ్మిన అడవి, అందులో చిక్కుకుపోయిన నార్తుల్డ్రా జనం, గాలి, నిప్పు, నీరు, నేలల ఆత్మలు ఉన్నాయి. పంచభూతాల గురించి వింటూ పెరిగిన మనం ఐదోది ఆకాశమే అనుకుంటాం. సినిమా ఆ చోట ఎల్సాని నిలబెట్టింది, మనుషులకీ ప్రకృతికీ మధ్య వంతెనలా. ఆమె తల్లి ఇడూనా నార్తుల్డ్రా పిల్ల. శత్రు రాజ్యమైన అరెండెల్ యువరాజుని, అంటే తర్వాత ఎల్సాకి తండ్రి అయినవాణ్ణి, కాపాడింది. ఎల్సా శక్తి ఆ మంచితనానికి దక్కిన వరం. ఇది తెలిశాక మొదటి భాగంలో గ్లౌజుల్లో దాచుకున్న ఆ చేతుల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఆ శక్తి ఎలా ఎదిగిందో తెలియాలంటే సముద్రం సీన్ చూడాలి. ఎల్సా నీళ్లని గడ్డకట్టిస్తూ వాటి మీదే పరిగెత్తుతుంది. అలలు విసిరి పడేస్తాయి, నీటి గుర్రం కిందికి లాగేస్తుంది. మళ్లీ లేస్తుంది. చివరికి మంచుతోనే కళ్లెం వేసి దాని మీదెక్కుతుంది. నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది, ఎన్నిసార్లు చూసినా. తర్వాత జ్ఞాపకాలన్నీ దాచుకున్న మంచునది అహ్తోహాలన్‌లో పాత సంఘటనలన్నీ మంచు బొమ్మలై ఆమె ముందు నిలబడతాయి. తాత కట్టించిన ఆనకట్ట కానుక కాదనీ, నార్తుల్డ్రా జనాన్ని బలహీనపరచడానికి వేసిన ఎత్తనీ అక్కడే బయటపడుతుంది. ఒకప్పుడు కోట కట్టిన మంచు ఇప్పుడు నిజం చెబుతోంది.

నా పేచీ ఆ తర్వాతి ఘట్టంతోనే. ఎల్సా చెల్లెలు అన్నా, తాత చేసిన తప్పు సరిదిద్దడానికి, తమ అరెండెల్ మునిగినా సరేనని ఆ ఆనకట్ట పగలగొట్టిస్తుంది. వరద మీదికొచ్చేలోపు ఎల్సా మంచుగోడ లేపి ఆపేస్తుంది. మాది విజయవాడ. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు మా పిన్ని వాళ్లింట్లో పిల్లల పుస్తకాలు బురదలోంచి ఏరి తీశాం. నీళ్లు అలా ఒక్క క్షణంలో ఆగవు. అన్నా అంత తెగించి ఒప్పుకున్న నష్టంలో కొంతైనా జరగాల్సింది, కనీసం కోట గోడల మీద బురద చారలైనా మిగలాల్సింది.

మూడో భాగం తీస్తామని డిస్నీ ప్రకటించింది. ఇప్పుడు అన్నా రాణి. కట్ట లేని ఆ నది పక్కన అరెండెల్ ఎలా బతుకుతోందో చూపిస్తే మొదటి రోజే వెళ్తాను.