ఒకే ఇల్లు, రెండు మందుల డబ్బాలు

మా ఇంట్లో మెగ్నీషియం నా మందుల డబ్బాలో ఉండొచ్చు, అత్త డబ్బాలోకి మాత్రం పోకూడదు. నాది కాలేజీ రోజుల నుంచీ ఉన్న మైగ్రేన్. ఆమెది మయస్థీనియా గ్రావిస్, అంటే వాడేకొద్దీ కండరాల్లో బలం తగ్గిపోయే జబ్బు. హిందూపురంలో ఉండగా కుడి కంటిరెప్ప వాలిపోవడంతో బయటపడింది, ఆ తర్వాతే బెంగళూరు యలహంకలో మా దగ్గరికి వచ్చేసింది. రెండు జబ్బులకూ చుట్టాలు చెప్పే వైద్యం ఒకటే: "అంతా నరాల బలహీనత, బి కాంప్లెక్స్ వేసుకోండి."

పూర్తిగా కొట్టిపారేసే మాట కాదు, చిక్కంతా అక్కడే. బి12 తగ్గితే నరాల మీది మైలిన్ పొర దెబ్బతింటుంది. అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి, చీకట్లో నడక తూలుతుంది. శాకాహారులకూ, షుగరుకు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకూ ఈ లోపం వచ్చే అవకాశం ఎక్కువ. విటమిన్ డి బాగా తగ్గితే తొడల్లో బలం పోయి, కింద కూర్చుంటే గోడ పట్టుకుని లేవాలి. ఇంకో బి విటమిన్ అయిన ఫోలిక్ ఆమ్లం సంగతి మరీ తిరకాసు. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లే అనే అమెరికా మందుల కంపెనీ బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. అంత గొప్ప మందునైనా బి12 లోపం ఉన్నవాళ్ళకు ఒక్కదాన్నే ఇస్తే, రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది, నరాలు లోపల పాడవుతూనే ఉంటాయి.

అత్తకు పరీక్షలో బి12 మామూలుగానే వచ్చింది. ఆమె తంటా వేరే చోట ఉంది. నరం చివర నుంచి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వెలువడి, కండరం మీద దాన్ని అందుకునే గ్రాహకాలను తాకితేనే కండరం బిగుస్తుంది. ఆమె ఒంట్లో తయారైన యాంటీబాడీలు ఆ గ్రాహకాల మీదే పడ్డాయి. పంపేవాళ్ళు పంపుతూనే ఉన్నారు, అందుకునేవాళ్ళే కరువు. అందుకే పొద్దున చలాకీగా ఉండి సాయంత్రానికి వాడిపోతుంది. జొన్నరొట్టె కాస్త నమిలేసరికి దవడ మొరాయిస్తుంది. భోజనానికి ముందు వేసుకునే పైరిడోస్టిగ్మిన్, అసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఆపుతుంది. దాంతో ఉన్నదే ఇంకాసేపు నిలుస్తుంది. ఈ దారి 1934లో మేరీ వాకర్ అనే లండన్ డాక్టరమ్మ చూపించింది. ఈ రోగుల నీరసం, కండరాలను చచ్చుబడేసే క్యురారే విషం నీరసంలా ఉందే అనుకుని, ఆ విషానికి విరుగుడైన ఫైసోస్టిగ్మిన్ ఇచ్చి చూసింది. ఆమె పెద్ద ప్రొఫెసరేం కాదు, ఆసుపత్రిలో ఒక అసిస్టెంటు డాక్టరు. నాకు ఆ సంగతే బాగా నచ్చింది.

నా తలనొప్పి కథలో సెరోటోనిన్, సీజీఆర్‌పీ అనే రెండు రసాయనాలు ముఖ్యులు. సీజీఆర్‌పీ ముఖానికీ తలకూ పోయే ట్రైజెమినల్ నరం నుంచి వెలువడి రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, నొప్పిని రాజేస్తుంది. నొప్పి మొదలైనప్పుడు వేసుకునే సుమాట్రిప్టాన్ సెరోటోనిన్ గ్రాహకాలను పట్టుకుని సీజీఆర్‌పీ వెలువడడాన్ని తగ్గిస్తుంది. రాత్రి బళ్ళారి రోడ్డు మీద ఎదురొచ్చే హెడ్‌లైట్లకు నాకు మొదలైందంటే ఇక అదే గతి. అసలు రాకుండా ఉండడానికి రోజూ 400 మిల్లీగ్రాముల రైబోఫ్లేవిన్, అంటే బి2, రాశారు. ఒంటికి రోజూ కావలసింది కొద్ది మిల్లీగ్రాములే కాబట్టి ఇది లోపం పూడ్చడం కాదు, మందుగా వాడటం. మూత్రం పసుపు నీళ్ళలా వస్తే కంగారు పడక్కర్లేదు.

దాంతో పాటే మెగ్నీషియం కూడా రాశారు. నరం చివరలోకి కాల్షియం వస్తేనే అసిటైల్‌కోలిన్ బయటికి పోతుంది, మెగ్నీషియం ఆ కాల్షియంకు అడ్డుపడుతుంది. అసలే అందుకునేవి తక్కువైన అత్తకు పంపేదీ తగ్గితే ఎలా? రక్తనాళంలోకి ఎక్కించే మెగ్నీషియంతో ప్రమాదం ఎక్కువ, మాత్రలు కూడా అడక్కుండా వేయొద్దన్నారు డాక్టరు. మైగ్రేన్‌కు వాడే ప్రొప్రనొలాల్ కూడా ఆమె జబ్బును ముదిరించగలదు. తరచూ వచ్చే మైగ్రేన్‌కు ఇచ్చే బోటాక్స్ అయితే అసిటైల్‌కోలిన్ విడుదలనే ఆపేస్తుంది. నాకు మంచివన్నీ వరసపెట్టి ఆమెకు పడనివే.

మొన్న ఆమెకు పొట్ట ఉబ్బరంగా ఉందంటే, ఎప్పటి నుంచో ఇంట్లో ఉండే గ్యాస్ సిరప్ సీసా తీసి చిన్న అక్షరాలు చదివాను. మెగ్నీషియం హైడ్రాక్సైడ్.

"దీంట్లో కూడానా?" అంది.

"ఉంది అత్తా. అది లేని మందేదో డాక్టరును అడుగుతా."

"నువ్వు ఫోన్ చేసి, ఆయన ఎత్తేలోగా నా కడుపు పగులుతుంది. జీలకర్ర నీళ్ళు కాచియ్యి పో."